ఊకుండాపేక్ష

చాచీ పోయిందని అమ్మ చెప్పగానే నా నోట్లోంచి వచ్చిన మాట, "అదెట్ల? నాకింకా చెప్పనేలేదు కద!" అని. పోయిన మనిషి గురించి అనాల్సిన మాటేనా అది? అమ్మ కళ్లు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. తలుపు పట్టుకుని నన్ను అదోలా చూసింది. నేనేమో నోట్లో బ్రష్షుతో వాకిట్లో నిలబడి ఉన్నాను. ముందు ఏడవాలో, నోరు కడుక్కోవాలో, పక్కింటికి పరుగెత్తాలో తోచలేదు. చివరికి నోరు కడుక్కున్నాను. ఏడుపు మాత్రం మధ్యాహ్నం దాకా రాలేదు.

చాచీ మాకు చుట్టం కాదు. కాశిబుగ్గలో మా అమ్మవాళ్లది కిరాణా కొట్టున్న ఇల్లు, దాని గోడకు ఆనుకుని చాచీవాళ్లది మగ్గమున్న ఇల్లు. ఆమే, ఆమె భర్త చాచా, పెళ్లిళ్లలో నేల మీద పరిచే చారల జంపఖానాలు నేసేవాళ్లు. మా వాడలో హిందువులు, ముస్లింలు, పిల్లలు, ముసలివాళ్లు అందరికీ ఆమె చాచీయే. అసలు పేరు నాకు తెలుసు. కానీ ఆ పేరు రాస్తే ఇంకెవరి గురించో రాస్తున్నట్టుంటుంది, అందుకని రాయను.

ఆమెకు ఒక పిచ్చి ఉండేది. ఏ మొగుడూ పెళ్లాలను చూసినా వాళ్ల మధ్య ఉన్నదానికి ఒక పేరు పెట్టాలి. ప్రేమ అంటే ఒప్పుకునేది కాదు.

"ప్రేమనా? గది పెండ్లి గాకముందు మాట. ఏండ్లకేండ్లు ఒకని గురక ఇన్నంక గూడ గదే మాటంటరా? తోబా, తోబా!" అని చెంపలు వేసుకునేది. లోకంలో ఇంతమంది ఒకే ఒక్క మాటతో ఎలా సర్దుకుపోతున్నారో ఆమెకు అర్థమయ్యేది కాదు.

గురక సంగతి ఊరికే అనలేదు. మా ఎదురింట్లో రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఉండేవాడు. ఆయన పడుకుంటే కిటికీ రెక్కలు కొట్టుకునేవి. ఆయన భార్య ఇంటింటికీ తిరిగి చెప్పుకునేది, ఈ మనిషితో నా నిద్ర పోయింది, నా ఆరోగ్యం పోయింది అని. ఆయన కంటి ఆపరేషన్‌కని దవాఖానలో చేరినప్పుడు, ఇక ఈవిడ హాయిగా పడుకుంటుందనుకున్నాం. పొద్దున్నే వాచిన కళ్లతో మా అరుగు మీద కూలబడింది. "సప్పుడు లేకపాయె, నిద్రెట్ల పడ్తది?" అంది, మాదే తప్పన్నట్టు. చాచీ అక్కడే ఉల్లిగడ్డలు ఏరుకుంటోంది. బొటనవేలితో కింది పెదవి నొక్కుకుంది. తర్వాత చాలా మెల్లగా, "గురకభరోసా" అంది. ఆవిడ ముందు కోప్పడింది, తర్వాత నవ్వింది, తర్వాత మా అమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మా వాడలో ఆ మాట అలా నిలిచిపోయింది.

మా అమ్మానాన్నలది వంకమురిపెం. మా నాన్న అన్నం ముందు కూర్చుంటే ఉప్పు తక్కువైందంటాడు, పులుపెక్కువైందంటాడు, కారం మండట్లేదంటాడు. పొరపాటున అమ్మ ఊరెళ్లి మా మేనత్త వండితే మాత్రం సగం అన్నం వదిలేసి లేస్తాడు. వంకలు పెట్టకుండా వదిలేసి లేస్తాడు, అదీ విశేషం. అమ్మ ఈ పేరు విని "ఏం మురిపెమో ఏమో, నా పానం తీస్తాండు" అంది గానీ, కొన్నాళ్లకు ఫోనులో మా పిన్నికి తనే చెప్తుంటే విన్నాను. "మాది వంకమురిపెం గదనే" అంటోంది, ఇంటిపేరు చెప్పుకున్నట్టు.

ప్రతి మాటా వెంటనే కుదిరేది కాదు. ఒక మాట తయారుకాగానే చాచీ దాన్ని పైకి పలికి చూసేది. ఒకసారి కోపంగా, ఒకసారి ముద్దుగా. "నోట్ల తిరుగుతలేదు" అని కొన్నింటిని అక్కడికక్కడే పారేసేది. కొన్ని రాత్రంతా ఉంచుకుని, "నిన్నటిది పాసిపోయింది బిడ్డా, మల్ల జేస్త" అనేది. ఒకళ్ల మాట ఇంకొకళ్లు వాడితే మాత్రం ఊరుకునేది కాదు. కొత్తగా పెళ్లయిన ఒక పిల్ల తనదీ గురకభరోసాయే అంటే, "నీకింక గురకే సరిగ్గ ఇనవడలేదు, భరోసా యాడికెల్లి వచ్చె? పో, పోయి జరన్ని ఏండ్లు కొట్లాడి రా" అని తరిమేసింది.

తన సంసారానికి తను పెట్టుకున్న పేరు ఊకుండాపేక్ష. ఊకుండటం, ఆపేక్ష, రెండూ కలిపి. అంటే ఏమిటని అడిగితే, "అలిగినోళ్ల పక్కన అలగకుండ కూసునే ఇష్టం" అని చెప్పింది. మాకు అంతకంటే వివరం అక్కర్లేకపోయింది. చాచా సంగతి వాడంతా ఎరిగిందే కదా! పొడుగ్గా, వెదురు బద్దలా ఉండే మనిషి. ఆయన దగ్గు విన్నవాళ్లున్నారు గానీ మాట విన్నవాళ్లు తక్కువ. కోపం వస్తే రోజుల తరబడి పెళ్లాంతో మాట బందు పెడతాడని అందరూ చెప్పుకునేవాళ్లు. "పాపం, గోడతోటి కాపురం జేస్తాంది" అనేది మా అమ్మ. చాచీ బయటికొస్తే ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది, అందుకని మాకెవరికీ అనుమానం రాలేదు.

వాళ్ల మగ్గం వెడల్పాటిది. దాని ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. నూలు చుట్టిన నాడెను ఈ పక్కవాళ్లు సగం దాకా తోస్తే ఆ పక్కవాళ్లు అందుకుని అవతలి అంచుకు లాగాలి, మళ్లీ వెనక్కి తోయాలి. అలిగినా సరే, పని ఆగదు. మాటలు బందైన రోజుల్లో కూడా నాడె చేతులు మారుతూనే ఉండేది. కానీ కోపంగా ఉన్న చెయ్యి నూలును గట్టిగా గుంజుతుంది. అలా గుంజితే ఆ వైపు అంచు లోపలికి పోయి జంపఖానా ఓరగా వస్తుంది. అలాంటివి కొనేవాళ్లు తీసుకోరు. చాచీ వాటిని మడిచి ఇంట్లో పెట్టేది, వాడలో ఎవరికి అవసరమొస్తే వాళ్లకి ఇచ్చేది. బారసాల, వ్రతం, ఖురాన్ చదివించడం, దినం, దేనికైనా సరే. మా వాడలో శుభమైనా అశుభమైనా, మేమంతా కూర్చున్నది వాళ్లు అలిగి నేసిన జంపఖానాల మీదే.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. లేకపోతే నా మొదటి మాటకు అర్థం ఉండదు.

మాది హనుమకొండలో స్టీలు సామాన్ల షాపు. నేనూ మా ఆయనా ఇద్దరం కూర్చుంటాం. మా ఆయన మంచివాడే. అంటే, ఏమిటో, మంచివాడనే అంటారు అందరూ. తాగడు, తిరగడు, పాపను హసన్‌పర్తి దగ్గర కాలేజీ హాస్టల్లో వేసినప్పటి నుంచి ప్రతి ఆదివారం తనే వెళ్లి చూసొస్తాడు. కానీ షాపుకు ఎవరొచ్చినా నా మీద ఒక జోకు వేయాలి. గంటెలు కొనేవాళ్లు వస్తే, "పెద్దది తీసుకోండ్రి, మా ఇంట్ల గదే ఆయుధం" అంటాడు. కుక్కర్ కొనేవాళ్లు వస్తే, "దీని విజిలన్న ఆగుతది, మా ఆమెది ఆగదు" అంటాడు. జనం పగలబడి నవ్వుతారు. నేను కౌంటర్ వెనకాల గిన్నెలకు పేపరు చుడుతూ ఉంటాను. పెళ్లైన కొత్తలో చెప్పాను, తర్వాత తిట్టాను, తర్వాత చెప్పడం మానేశాను.

మొన్నామధ్య ఒక పెళ్లివాళ్లు సామాన్లకు వచ్చారు. పెళ్లికూతురు కూడా వచ్చింది, బొద్దుగా, సిగ్గుగా, ముచ్చటగా ఉంది. మా ఆయన ఆమె పక్కనున్న పెళ్లికొడుకు వైపు తిరిగి, "గిన్నెలు మాత్రం మంచియే తీస్కో తమ్మీ. వంటంటావా, దేవుని మీద భారమెయ్యి. మా ఇంట్ల ఇన్నేండ్ల సంది గట్లనే నడుస్తాంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది, కానీ నవ్వుతూ నా ముఖం చూసి టక్కున ఆపేసింది. ఆ ఆపెయ్యడం చూసి నాకు ఏదో అయిపోయింది. చేతిలోని పేపరు కింద పెట్టి, చెప్పులేసుకుని, ఆటో ఎక్కి కాశిబుగ్గ వచ్చేశాను. తిరిగి వెళ్లాలా, వద్దా? ఇంత చిన్న విషయానికి ఎవరైనా కాపురం వదిలేస్తారా? ఇంత చిన్న విషయమైతే నాకు ఊపిరి ఎందుకు ఆడట్లేదు? ఎవరిని అడగను?

చాచీని అడిగాను. ఆమె అప్పటికే నీరసంగా ఉంది, మగ్గం మానేసి మంచం మీదే ఎక్కువ ఉంటోంది. అంతా విని, వేలితో పెదవి నొక్కుకుంది.

"ఎక్కిరింతాపేక్ష" అంది మెల్లగా.

"ఆపేక్షనా? ఎవలది చాచీ? ఎక్కిరింత కనవడుతాంది గని ఆపేక్ష యాడున్నది?"

"గదే దేవులాడుతాన." ఇంకోసారి పలికింది, మొహం చిట్లించింది. "కాదు. ఇందుల సగమే ఉన్నది. ఇంకో సగం నాకు దొరుకుతలేదు."

"అంటే లేదన్నట్టేనా?"

"లేదన్లే. దొరుకుతలేదన్న. జర ఆగు బిడ్డా, ఫికర్ చెయ్యకు. చెప్త."

ఎవరికైనా నవ్వొస్తుంది గానీ, నేను నిజంగానే ఆగాను. ఆమె ఒక పేరు చెప్తే మా ఆయన దగ్గరికి వెళ్లిపోదామని, నీది వట్టిదే అంటే ఇక్కడే ఉండిపోదామని. రోజూ పొద్దున టీ పట్టుకెళ్లి మంచం పక్కన కూర్చునేదాన్ని. రోజూ "జర ఆగు" అనేది. మా ఆయన ఫోను చేస్తే ఎత్తేదాన్ని కాదు. చివరికి ఒక పొద్దున ఆమె లేవనే లేదు.

చాచీని సాగనంపే మయ్యతుకు మా ఆయన వచ్చాడు. మగవాళ్లలో కలిసి నడిచాడు, మోయడానికి భుజం పట్టాడు, నా వైపు రాకుండానే వెళ్లిపోయాడు. అదీ నాకు అర్థం కాలేదు. రమ్మని అడుగుతాడేమో, కాదని చెప్దామనుకున్నాను. అడగకపోతే కోపమొచ్చింది.

మూడో రోజు జియారత్ ప్రార్థనలు అయ్యాక, జనం వెళ్లిపోయాక, చాచా ఒక్కడే శామియానా కింద జంపఖానాలు మడుస్తున్నాడు. నేను వెళ్లి రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం కొసలు కలిపి ఒక్కొక్కటే మడిచాం. ఆయనతో ఎలా మాట్లాడాలో నాకు తెలియదు, ఎప్పుడూ మాట్లాడింది లేదు. చివరికి అడిగేశాను.

"చాచా, చాచీ నా గురించి ఏమన్న చెప్పిందా? నాకు ఒక మాట చెప్తనన్నది. పేరసోంటిది."

"ఏం పేరు?"

గురకభరోసా గురించి చెప్పాను. వంకమురిపెం గురించి చెప్పాను. ఆయన కొత్త కథ వింటున్నట్టు నోరు తెరుచుకుని విన్నాడు. ఒక్కటి కూడా ఆయనకు తెలియదు! వాడంతా వాడుకునే మాటలు, ఆ ఇంట్లో ఆయన చెవిన పడనేలేదు.

"ఇంట్ల గివేం మాట్లాడకపోవు బిడ్డా" అన్నాడు.

"మీరు మాట్లాడరు కద చాచా, అందుకే గావచ్చు."

ఆయన మడత ఆపి నన్ను చూశాడు. "నేనా? నేను తక్కువ మాట్లాడుత. గని అడిగితే జవాబిస్త. మాట బందు పెట్టేది ఆమె."

"చాచీనా?"

"అలిగిందంటె ఇగ అంతే. అన్నం పెట్టేది, నాడె ఇచ్చేది, మాట మాత్రం ఇయ్యకపోవు. నేనే ఏదో ఒకటి అడుగుతుంటి. నీళ్లు తాగుతవా, ఎండ కొడ్తాందా, దర్వాజ ఏసుడా అని. గోడతోటి మాట్లాడినట్టే ఉంటుండె."

"మరి మీరేం చేసేది?"

"ఏం జేస్త? ఊకుంటుంటి. ఇడిసిపెట్టి పోబుద్ధి గాకపోవు."

 ఆయన చేతిలోని జంపఖానా అంచు చూపించాడు, లోపలికి గుంజుకుపోయిన అంచు. "ఇగో, ఇది ఆమె దిక్కు. ఆమె చెయ్యే గిట్ల గుంజేది" అన్నాడు. నేను వంగి చూశాను. జంపఖానాకు రెండు ముఖాలూ ఒకటే. తిరగేస్తే ఎడమ కుడి అవుతుంది. ఏది ఎవరి వైపో ఎలా తెలుస్తుంది? ఆయనకు తెలుస్తుందంటాడు. చాచీ ఉంటే ఆమెకూ తెలిసేదేమో, రెండో అంచు చూపించేదేమో. ఇన్నాళ్లూ అలిగిందెవరో మేమెవరం అడగనేలేదు, ఆమె చెప్పనూ లేదు. అలిగినోళ్లు అంది, అంతే. అయితే ఆ పేరు ఆమె తన ఓపికకు పెట్టుకుందా, ఆయన ఓపికకు పెట్టిందా? ఆయనకు పెట్టి ఉంటే ఆయనకెందుకు చెప్పలేదు? లేక ఈయనే దుఃఖంలో తారుమారు చేసుకుంటున్నాడా? అడగడానికి మనిషి లేదు. ఆయన నిదానంగా మిగతా జంపఖానాలు మడుచుకుంటున్నాడు, అబద్ధం చెప్తున్నవాడిలా లేడు. చాచీ కూడా ఎప్పుడూ అలా అనిపించలేదు.

నేను వెళ్లి వాళ్ల మెట్టు మీద కూర్చున్నాను. ఎందుకో తెలియదు, మా ఆయనకు ఫోను చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"షాపుల ఉన్నవా?"

"ఆ. జనం లేరు. చెప్పు."

"ఒకటి అడుగుత. జోకెయ్యకుండ చెప్తవా?"

"అడుగు."

"నాతోటి నీకేం తక్లీఫున్నది?"

 అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"వంట గురించి మాత్రం చెప్పకు" అన్నాను.

"వంట మంచిగనే చేస్తవు కద" అన్నాడు, నిజంగా ఆశ్చర్యపోయి.

నా ఒళ్లు మండింది. "మరింకేంది?"

"నువ్వు నవ్వవు."

"నేను నవ్వనా? మా వాడల అడుగు పో!"

"అందరితోటి నవ్వుతవు. మీ అమ్మతోటి నవ్వుతవు, పాపతోటి నవ్వుతవు. నాతోటి నవ్వవు. షాపుల అందరు నవ్వంగ నువ్వు గూడ ఒక్కసారన్న నవ్వుతవేమో అని చూస్తాన."

"నా మీద జోకేస్తే నేనెట్ల నవ్వుతనయ్యా!" అని అరిచాను. చాచా తలెత్తి చూశాడు.

"నాకు వేరేయి రావు" అన్నాడు.

ఇదేం మాట? దీనికి ఎవరైనా ఏమనాలి? ఆ పిల్ల నవ్వు ఆగిపోయిన ముఖం నా కళ్ల ముందే ఉంది, దాన్ని ఈ మాట తుడిచెయ్యదు. కానీ ఇన్నేళ్లుగా ఆ కౌంటర్ అవతల ఒక మనిషి నా ముఖం వైపే చూస్తున్నాడని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఏం చేసేదాన్నో, అదీ తెలియదు.

"ఇన్నేండ్లాయె. నవ్వనని తెలిసె. మరెందుకు మానవు?" అన్నాను. 

"ఏమో. పొద్దున షటర్ లేపంగనే, ఇయ్యాళ నవ్వుతదేమో అనిపిస్తది."

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాను. ఆయన పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు. చాచా మడిచిన జంపఖానాలన్నీ ఎత్తుకుని నా పక్క నుంచి లోపలికి వెళ్లిపోయాడు.

"రేపు నేనొచ్చేదాక షటర్ లేపకు" అన్నాను.